ఎన్నేళ్ళలో తిరిగొస్తుంది? – అండమాన్ దీవుల్లో ఒక పాత లెక్క

జ్యోతిష్యం గురించి మాట్లాడేటప్పుడు మనం తరచుగా ఒక మాట అంటూ ఉంటాం. జ్యోతిష్కుడు చెప్పినవాటిలో నిజమైన ఒకటి అందరికీ గుర్తుంటుంది, తప్పిన తొమ్మిది ఎవరికీ గుర్తుండవు అని. కాయితం మీద రాసిపెట్టుకుని ఏడాది తర్వాత తీసి చూసేవాళ్ళు ఉండరు. చూస్తే ఆ వ్యాపారం ఒక్కరోజు కూడా నడవదు.

ఆఫీసు ఫైళ్ళలో కూడా ఇలాంటి జోస్యం ఒకటి ఉంది. "ఈ ప్రాజెక్టు మీద పెట్టిన డబ్బు ఏడేళ్ళలో తిరిగొస్తుంది." దీన్ని మా కామర్స్ భాషలో పేబ్యాక్ పీరియడ్ అంటారు. నేను బీకాం చదివే రోజుల్లో కాస్టింగ్ పేపర్లో ఇది తప్పకుండా వచ్చే ప్రశ్న. తర్వాత డిఫెన్స్ అకౌంట్స్ ఉద్యోగంలో, అందులోనూ అండమాన్‌లో పనిచేసిన కాలంలో, ఈ ఒక్క అంకె ఎన్ని ఫైళ్ళను నడిపించిందో, ఎన్నిటిని ఆపేసిందో చూశాను. ఏడేళ్ళ తర్వాత ఆ ఫైలు మళ్ళీ తీసి, నిజంగా తిరిగొచ్చిందా అని చూసిన సందర్భం మాత్రం నా సర్వీసు మొత్తంలో నాకు తటస్థపడలేదు.

జాతకాన్ని ప్రశ్నించే మనం ఈ అంకెను ఎందుకు ప్రశ్నించం? అంకెల్లో ఉంది కాబట్టి అది శాస్త్రం అనుకుంటామా? అండమాన్ దీవుల చరిత్ర ఆధారంగా దీన్ని కాస్త పరిశీలిద్దాం.

అరటీ, కొబ్బరీ

ముందు పద్ధతి ఏమిటో చూద్దాం. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. పెట్టిన అసలును ఏటా వచ్చే మిగులుతో భాగిస్తే ఎన్నేళ్ళో తేలుతుంది. తక్కువ ఏళ్ళు పట్టేది మంచిది, ఎక్కువ పట్టేది చెడ్డది. అంతే.

మన కోనసీమ రైతుకు ఇది పుస్తకం లేకుండానే తెలుసు. అరటి వేస్తే ఏడాదికి డబ్బు కళ్ళజూస్తాడు. కొబ్బరి వేస్తే ఆరేడేళ్ళు ఆగాలి. పేబ్యాక్ ఒక్కటే చూస్తే కోనసీమలో కొబ్బరి చెట్టనేది ఉండకూడదు. కానీ కొబ్బరి అరవై ఏళ్ళు కాస్తుందని రైతుకు తెలుసు. అందుకే కొబ్బరి మధ్యలో అరటి వేశాడు. రెండు లెక్కలూ కలిపి చూశాడన్నమాట.

ఇప్పుడు అంకెల్లో చెప్తాను. రెండు యంత్రాలున్నాయి, ఒక్కొక్కటి 12 లక్షలు. మొదటిది ఏటా 4 లక్షలు ఆదా చేస్తుంది కానీ నాలుగేళ్ళే పనిచేస్తుంది. రెండోది ఏటా 3 లక్షలే ఆదా చేస్తుంది, పన్నెండేళ్ళు పనిచేస్తుంది. పేబ్యాక్ ప్రకారం మొదటిది మూడేళ్ళు, రెండోది నాలుగేళ్ళు. కాబట్టి మొదటిదే గెలుస్తుంది. 10 శాతం వడ్డీ వేసి భవిష్యత్తులో వచ్చే డబ్బును ఈనాటి విలువకు తగ్గించి చూడండి. మొదటి యంత్రం అసలు పోను మిగిల్చేది సుమారు 68 వేలు. రెండోది మిగిల్చేది సుమారు 8 లక్షల 44 వేలు! పేబ్యాక్‌కు రెండు గుడ్డితనాలున్నాయి. అసలు వచ్చేశాక ఏం జరుగుతుందో అది చూడదు. ఇవాళ్టి రూపాయికీ నాలుగేళ్ళ తర్వాతి రూపాయికీ తేడా చూడదు.

ఈ రెండూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే. పుస్తకాల్లో అంతగా కనిపించని మూడో గుడ్డితనం ఒకటుంది. తిరిగొచ్చిన డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరి జేబులోకి వచ్చిందో కూడా అది చూడదు. అండమాన్ చరిత్ర నిండా కనిపించేది ఇదే.

ఈ లెక్క ఎక్కడిది?

ఇంగ్లండులో భూమి ధరను "ఇన్నేళ్ళ కౌలు" అని చెప్పడం కొన్ని వందల ఏళ్ళ నాటి అలవాటు. ఇరవై ఏళ్ళ కొనుగోలు అంటే ఇరవై ఏళ్ళ కౌలుతో ధర తీరుతుందని. ఆస్తుల విలువ కట్టే మన ఇంజినీర్ల పుస్తకాల్లో ఇయర్స్ పర్చేజ్ అనే మాట ఇంకా అలాగే ఉంది.

బ్రిటిష్ ఇండియాలో సాగునీటి పనులకు ఇలాంటి పరీక్షే పెట్టారు. పని పూర్తయిన పదేళ్ళలో దాని నికర ఆదాయం పెట్టుబడి మీద వడ్డీకి సరిపోతే అది ఉత్పాదక పని, లేకపోతే కాదు. 1847–52 మధ్య కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ రకం పరీక్షలో దర్జాగా నెగ్గింది. కాటనే ప్రోత్సహించిన ప్రైవేటు కంపెనీ తవ్వించిన కర్నూలు–కడప కాలువ మాత్రం లండన్ వాటాదార్లకు ప్రభుత్వం వడ్డీ గ్యారంటీ ఇచ్చినా నష్టాల్లో మునిగి, చివరికి 1882లో ప్రభుత్వం చేతికే వచ్చింది. తవ్వకముందు చెప్పిన అంచనాలు రెంటికీ గొప్పగానే ఉన్నాయి. అంచనాలోని ధీమా దానికి రుజువు కాదనడానికి మన నేల మీదే ఉన్న ఉదాహరణ ఇది.

సోవియట్ రష్యా కథ ఇంకా తమాషాగా ఉంటుంది. వడ్డీ అనేది పెట్టుబడిదారీ దోపిడీ కాబట్టి ప్రణాళికల్లో ఆ మాట ఎత్తకూడదు. కానీ జలవిద్యుత్ కేంద్రమా, బొగ్గు కేంద్రమా అని తేల్చుకోవాల్సిన ఇంజినీర్లు ఏం చెయ్యాలి? అదనంగా పెట్టిన పెట్టుబడి ఎన్నేళ్ళలో రాబడుతుందో చూద్దాం అన్నారు. 1960 ప్రాంతానికి అదే అధికారిక పద్ధతి అయింది. ఎనిమిదేళ్ళలో రాబట్టాలి అంటే ఏటా పన్నెండున్నర శాతం రావాలని అర్థం. వెళ్ళగొట్టిన వడ్డీ పేరు మార్చుకుని మళ్ళీ వచ్చి కూర్చుంది. సిద్ధాంతం నిషేధించినంత మాత్రాన అవసరం మాయమవదు.

అమెరికాలో 1951లో జోయెల్ డీన్ 'కేపిటల్ బడ్జెటింగ్' పుస్తకం రాసి, పేబ్యాక్‌ను నమ్ముకోవద్దని, డబ్బు కాల విలువను లెక్కలోకి తీసుకోవాలని గట్టిగా వాదించాడు. మన దేశంలో 1972లో ప్రణాళికా సంఘంలో ప్రాజెక్టుల మదింపు విభాగం వచ్చింది. అదే ఏడు పార్థ దాస్‌గుప్తా, అమర్త్య సేన్, స్టీఫెన్ మార్గ్లిన్ ఐక్యరాజ్యసమితి సంస్థ కోసం రాసిన మార్గదర్శక గ్రంథం వెలువడింది. ఖజానాకు ఎంత వచ్చిందన్న దానితో ఆగకుండా సమాజానికి ఎంత లాభం, ఎంత నష్టం అని అడగాలని ఆ పుస్తకం చెప్పింది. ఇన్ని వచ్చినా పేబ్యాక్ చావలేదు. ఎందుకంటే అది అందరికీ ఒక్క ముక్కలో అర్థమవుతుంది.

విత్తనాలు వండుకు తిన్న లెక్క

ఇక అండమాన్‌కు వద్దాం. ఈస్టిండియా కంపెనీ తరఫున ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో అక్కడ మొదటి స్థావరం పెట్టాడు. తర్వాత దాన్ని ఉత్తర అండమాన్‌కు మార్చారు. జ్వరాలతో జనం చచ్చిపోతుంటే, ఖర్చు పెరిగిపోతుంటే 1796లో మొత్తం ఎత్తేశారు. కంపెనీ ఏడేళ్ళకే చేతులు దులుపుకుంది.

1857 తిరుగుబాటు తర్వాత ప్రభుత్వానికి ఖైదీలను దూరంగా పడెయ్యడానికి ఒక చోటు కావలసొచ్చింది. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ మొదటి జట్టు ఖైదీలతో దిగాడు. ఇదివరకు గిట్టుబాటు కాని దీవులే ఇప్పుడు గిట్టుబాటయ్యాయి. భూమి మారలేదు, సముద్రం మారలేదు. కూలి మారింది. అడవి కొట్టినవాళ్ళు, రోడ్లు వేసినవాళ్ళు, 1896 నుంచి 1906 దాకా సెల్యులర్ జైలు కట్టినవాళ్ళు ఖైదీలే. తమను బంధించే గోడలు తామే కట్టుకున్నారు. లెక్కల పుస్తకంలో ఆ శ్రమ ఖరీదు సున్నాకు దగ్గర. కూలి సున్నా అని రాసుకుంటే ఏ ప్రాజెక్టు అయినా తొందరగా అసలు తెచ్చిపెడుతుంది!

ఆ తర్వాత అడవి. 1883లో అటవీ శాఖ ఏర్పడింది. అదే ఏడు చాథం దీవిలో రంపపు మిల్లు పెట్టారు. పడౌక్, గర్జన్ దుంగలు ఓడలెక్కాయి. స్వతంత్రం వచ్చాక ప్లైవుడ్ ఫ్యాక్టరీలొచ్చాయి. 1977లో అటవీ, తోటల అభివృద్ధి కార్పొరేషన్ పెట్టారు. లిటిల్ అండమాన్‌లో అడవి నరికి సుమారు 1,600 హెక్టార్లలో ఆయిల్ పామ్ వేశారు.

ఒక గుమాస్తాగా ఈ లెక్క చూడండి. రంపపు మిల్లుకు యంత్రాల ఖర్చు ఇంత, జీతాలు ఇంత, కలప అమ్మితే వచ్చింది ఇంత. మిల్లు ఖరీదు కొన్నేళ్ళలో వచ్చేసింది, శభాష్! కానీ కలప ఎక్కడిది? ఒక పడౌక్ చెట్టు పెరిగి కోతకు రావాలంటే మనిషి జీవితకాలం చాలదు. ఆ చెట్టు ఏ ఆస్తుల పట్టీలోనూ లేదు. పట్టీలో లేని ఆస్తిని అమ్మి, ఆ డబ్బుతో పట్టీలో ఉన్న యంత్రం అసలు తీర్చి, దాన్ని ఆదాయం అన్నారు.

మా ఊళ్ళో ఎవరైనా విత్తనాల గాదెలోంచి గింజలు తీసి వండుకు తిని, ఈ ఏడు తిండికి లోటు లేదు అంటే నవ్వేవాళ్ళు. అకౌంట్స్ చదువుకోని రైతుకు కూడా అసలుకూ రాబడికీ తేడా తెలుసు. అండమాన్‌లో వందేళ్ళకు పైగా ఖజానా లెక్కలు ఆ తేడా చూడలేదు.

2002 మే 7న సుప్రీంకోర్టు, శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక మీద ఇచ్చిన ఉత్తర్వులో అక్కడి చెట్ల నరికివేతను గట్టిగా అదుపు చేసింది. దీవుల అవసరానికి మించి కలప కొట్టి బయటికి పంపే దారి మూసుకుపోయింది. దాంతో కార్పొరేషన్‌కు చేతిలో పని లేకుండా పోయింది. చివరికి 2017లో కేంద్ర ప్రభుత్వం దాన్ని మూసెయ్యడానికి నిర్ణయించింది. ఇన్నాళ్ళూ ఆదాయం అనుకున్నది నిజంగా దేనినుంచి వస్తూ ఉండేదో, అది ఆగిపోయాక గాని బయటపడలేదు.

ఎవరి జేబులోకి?

ఇది డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న. ఎవరికి వచ్చిందన్నది రెండోది.

అండమాన్‌లో కరెంటు ప్రధానంగా డీజిల్ మీద నడుస్తుంది. ఆ డీజిల్ ఓడల మీద రావాలి. అక్కడ పెద్ద జలవిద్యుత్ కేంద్రం ఒక్కటే, దిగ్లిపూర్ దగ్గర కల్పాంగ్ నది మీద 5.25 మెగావాట్లది. 2001లో మొదలైంది. అలాంటి ఒక కేంద్రం కడదామని ఇప్పుడు ఫైలు వచ్చిందనుకోండి. అంకెలు నా ఊహ, లెక్క సులువుగా ఉండటానికి. ఖర్చు 60 కోట్లు. ఏటా కోటిన్నర యూనిట్లు. ఇంటికి యూనిట్ 5 రూపాయలకు ఇస్తారు. ఏడాదికి 7 కోట్ల 50 లక్షలు, అసలు రావడానికి ఎనిమిదేళ్ళు. ఇంకో గుమాస్తా అంటాడు: డీజిల్‌తో చేస్తే యూనిట్ 20 రూపాయలు పడుతోంది కదా, ఆ ఖర్చు మిగులుతుంది కదా. అప్పుడు ఏడాదికి 30 కోట్లు, రెండేళ్ళలోనే అసలు వచ్చేసింది! అదే నది, అదే ఆనకట్ట. బిల్లు కట్టేవాడి వైపునుంచి చూస్తే ఎనిమిది, సబ్సిడీ భరించేవాడి వైపునుంచి చూస్తే రెండు. పేబ్యాక్ ఎంత అని అడిగేముందు ఎవరి పేబ్యాక్ అని అడగాలి.

చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రగర్భంలో వేసిన కేబుల్ దీనికన్నా మంచి ఉదాహరణ. సుమారు 2,300 కిలోమీటర్లు, 1,224 కోట్ల రూపాయలు. 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో ఉన్నది 3,80,581 మంది. భాగించండి. పసిపిల్లలతో సహా మనిషికి సుమారు 32 వేలు. ఒక్కొక్కరి మీద నెలకు నికరంగా వంద రూపాయలు మిగిలినా ఏడాదికి 46 కోట్లు దాటదు. అసలు రావడానికి దాదాపు 27 ఏళ్ళు, వడ్డీ వెయ్యకుండానే. ఇలాంటి కేబుళ్ళ ఆయుష్షు మామూలుగా 25 ఏళ్ళని లెక్కేస్తారు. అంటే పేబ్యాక్ పరీక్షలో ఇది చచ్చినా పాసవదు.

మరి వేసింది తప్పా? నేనక్కడ ఉన్న రోజుల్లో అంతా శాటిలైట్ మీదే. పెద్ద ఫైలు మెయిన్‌లాండ్‌కు పంపాలంటే పెన్ డ్రైవ్‌లో వేసి విమానం ఎక్కేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. ఒక రోగి స్కాన్ చెన్నై డాక్టరుకు చేరడంలో జరిగే ఆలస్యానికి ఏ కాలమ్‌లో ఖర్చు రాస్తారు? శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ చేపలు పట్టుకుని బతికే కుటుంబం ఊళ్ళో తల్లి ముఖం ఫోన్‌లో చూడటానికి ఏ కాలమ్‌లో జమ రాస్తారు? ఆ కేబుల్‌కు డబ్బు ఇచ్చింది యూఎస్ఓ ఫండ్. దేశమంతా టెలికాం కంపెనీల ఆదాయంలోంచి, అంటే చివరికి మనందరి ఫోన్ బిల్లుల్లోంచి, కూడబెట్టిన నిధి అది. లాభం లేదని ఎవరూ వెళ్ళని చోట్లకు సౌకర్యం తీసుకెళ్ళడానికే అది పుట్టింది. పేబ్యాక్ ఎక్కడ పనిచెయ్యదో అక్కడికోసమే ఒక నిధి పెట్టుకున్నామంటే, ఆ కొలబద్దకు హద్దులున్నాయని ఒప్పుకున్నట్టే కదా.

పద్ధతి పక్షాన ఒక మాట

కొందరు మిత్రులు అడగవచ్చు. ఇంత గుడ్డిదైతే పేబ్యాక్‌ను పారెయ్యవచ్చు కదా అని. అక్కర్లేదు. రేపేం జరుగుతుందో తెలియని చోట డబ్బు ఎంత తొందరగా చేతికొస్తుందని అడగడం తెలివితక్కువ కాదు. 2004 డిసెంబర్ 26న వచ్చిన భూకంపంలో గ్రేట్ నికోబార్ కొసన ఉన్న ఇందిరా పాయింట్ సుమారు 4.25 మీటర్లు, అంటే దాదాపు 14 అడుగులు, కుంగిపోయింది. లైట్‌హౌస్ నీళ్ళలో నిలబడింది. కార్ నికోబార్‌లో వైమానిక స్థావరాన్ని సునామీ ఊడ్చేసింది. అలాంటి నేల మీద ముప్ఫయ్యేళ్ళ తర్వాత వచ్చే లాభాన్ని వడ్డీ లెక్కతో పైసలతో సహా తేల్చి చూపించేవాడికన్నా, "ముందు అసలు సంగతి చెప్పు" అనేవాడే జాగ్రత్తపరుడు.

పైగా పేబ్యాక్‌లో ఒక మంచి గుణముంది. అది పరీక్షకు నిలబడగల మాట. ఏడేళ్ళలో వస్తుందన్నావు, ఏడేళ్ళయింది, చూపించు. మనం జ్యోతిష్కుణ్ణి అడిగేది ఇదే. లోపం ఆ చూపించమనేవాడు లేకపోవడంలో ఉంది.

రెండు తక్కెళ్ళు

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, గ్రేట్ నికోబార్‌లో అతి పెద్ద ప్రాజెక్టు ఒకటి చేపట్టారు. గలతియా బే దగ్గర కంటైనర్ల ట్రాన్స్‌షిప్‌మెంట్ పోర్టు, విమానాశ్రయం, పట్టణం, విద్యుత్ కేంద్రం. 2021 నాటి అంచనా 72 వేల కోట్లు. తర్వాత అది పెరిగింది. పర్యావరణ అనుమతి 2022 నవంబర్‌లో వచ్చింది. మళ్ళించే అటవీ భూమి 130 చదరపు కిలోమీటర్లకు పైన. అక్కడ షోంపెన్‌లు, నికోబారీలు ఉంటారు. గలతియా తీరంలో పెద్ద లెదర్‌బ్యాక్ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పోయే అడవికి బదులుగా చెట్లు నాటే ప్రతిపాదనలో హర్యానా ఉంది.

ఇది కట్టాలా వద్దా అన్నది ఒక రిటైరైన గుమాస్తా తేల్చే విషయం కాదు. కానీ లెక్క ఎలా అడగాలో చెప్పగలను. రక్షణ కోసం పెట్టే ఖర్చుకు పేబ్యాక్ ఉండదు. సరిహద్దు పోస్టు ఎన్నేళ్ళలో అసలు తెస్తుందని ఎవరూ అడగరు, అడగకూడదు. ఆ శాఖ లెక్కలు రాసినవాణ్ణి, నాకది తెలుసు. కానీ పోర్టుకు గిరాకీ మీద అనుమానం వస్తే "ఇది దేశ రక్షణ" అని, అంత రక్షణకు టౌన్‌షిప్ ఎందుకంటే "ఇది వ్యాపారం" అని జవాబిస్తే ఆ లెక్క ఎప్పటికీ తేలదు. సరుకు తూచే మధ్యలో తక్కెడ మార్చకూడదు. రక్షణ భాగం వేరుగా, వ్యాపార భాగం వేరుగా చూపించాలి. వ్యాపార భాగంలో అడవి ఖరీదు సున్నా అని రాస్తే, అది 1883 నాటి చాథం లెక్కే అవుతుంది.

కాబట్టి మిత్రులారా, ఎవరైనా "ఇన్నేళ్ళలో తిరిగొస్తుంది" అంటే చప్పట్లు కొట్టకుండా, పెదవి విరవకుండా, నాలుగు ప్రశ్నలు వెయ్యండి. ఎవరి డబ్బు, ఎవరికి తిరిగొస్తుంది? ఆ వచ్చేది రాబడా, లేక లెక్కలో రాయని ఏదో ఆస్తిని అమ్మిన సొమ్మా? అసలు వచ్చాక ఇంకెన్నేళ్ళు పనిచేస్తుంది, ఆ తర్వాత అక్కడ ఏం మిగులుతుంది? చెప్పిన గడువు తీరాక ఈ కాయితం తీసి చూసేది ఎవరు, ఏ తేదీన?

మొదటి మూడింటికీ తెలివైనవాళ్ళు ఏదో ఒక జవాబు చెప్తారు. నాలుగోదాని దగ్గరే తడబడతారు. మీ ఊళ్ళో వంతెన కావచ్చు, మున్సిపాలిటీ మార్కెట్ భవనం కావచ్చు, పదేళ్ళ కింద శంకుస్థాపన రోజున పేపర్లో చెప్పిన అంకె ఒకటి వెతికి పట్టుకోండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ మన చేతిలో ఉంది. ఆ అంకె ఏమైందో ఒక దరఖాస్తు పెట్టి అడగండి. జాతకాల మీద మనం చేసే పరీక్ష ఇక్కడ కూడా చెయ్యొచ్చు.